ధ్రువాల మంచు కరుగుదల: వేడి ఒక్కటే కారణమా, గాలుల పాత్ర ఎంత?

తుమ్మలపెంట_తీరం

అందరికీ నమస్కారం. కావలి దగ్గర ఉంటాను, ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఒక విషయంలో మీ సాయం కావాలి.

2012 జులై రెండో వారంలో గ్రీన్‌లాండ్ మంచు ఫలకం పైభాగం దాదాపు 97 శాతం మేర కరుగుతున్నట్టు ఉపగ్రహాలు చూపించాయి. సముద్రమట్టానికి 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సమ్మిట్ స్టేషన్ దగ్గర కూడా పైమంచు తడిబారింది. అక్కడ అంతకుముందు అలాంటిది 1889లో జరిగిందని మంచు పొరలు తవ్వి చూసినవాళ్లు చెప్తున్నారు. సరే, అంత వేడి వచ్చిందనుకుందాం. మరుసటి వేసవి, అంటే 2013లో, కరుగుదల బాగా తక్కువ. భూమి ఒక ఏడాది వేడెక్కి మరో ఏడాది చల్లబడదు కదా! మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోంది? "ఉష్ణోగ్రత పెరిగింది, మంచు కరిగింది" అనే ఒక్క వాక్యంతో అందరూ సరిపెడుతున్నారు. నాకు అది చాలడం లేదు.

కావలి_ఫిజిక్స్

ఆ తేడా తెచ్చింది గాలి తమ్ముడూ.

ఐస్‌లాండ్ దగ్గర ఒక అల్పపీడనం, దానికి దక్షిణంగా అజోర్స్ దీవుల దగ్గర ఒక అధిక పీడనం ఎప్పుడూ ఉంటాయి. రెంటి మధ్య పీడనం తేడా ఎక్కువగా ఉన్నప్పుడు పడమటి గాలులు బలంగా, తిన్నగా వీస్తాయి. తుపానులన్నీ ఆ దారినే యూరప్ వైపు వెళ్లిపోతాయి. గ్రీన్‌లాండ్ తన చలిలో తాను ఉంటుంది. ఆ తేడా తగ్గినప్పుడు గాలి దారి మెలికలు తిరుగుతుంది. ఈ ఊగిసలాటకే నార్త్ అట్లాంటిక్ ఆసిలేషన్ అని పేరు, పొట్టిగా ఎన్‌ఏఓ. వేసవిలో ఎన్‌ఏఓ నెగెటివ్ వైపు, అంటే ఆ పీడనం తేడా తగ్గిన వైపు, ఉంటే గ్రీన్‌లాండ్ నెత్తిన ఒక అధిక పీడనం వచ్చి కూర్చుంటుంది. రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి కదలదు. దీన్నే బ్లాకింగ్ అంటారు.

అది అలా కూర్చుంటే ఏమవుతుంది? అధిక పీడనంలో గాలి పైనుంచి కిందికి దిగుతుంది, దిగుతూ వేడెక్కుతుంది, మేఘాలు విచ్చిపోతాయి. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి రోజంతా ఎండే. పైగా ఈ పీడనం పడమటి అంచు వెంబడి దక్షిణం నుంచి వెచ్చని, తేమ నిండిన గాలి నేరుగా గ్రీన్‌లాండ్ పడమటి తీరం మీదికి ఎక్కుతుంది. ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: కొత్త మంచు కురవడం ఆగిపోతుంది. కొత్త మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి పంపేస్తుంది. అది కరిగిపోయి కింద ఉన్న పాత గట్టి ఐసు బయటపడిందంటే, ఆ ఐసు ముదురు రంగులో ఉంటుంది కాబట్టి సగం దాకా ఎండను తనలోకి తీసుకుంటుంది. అక్కడి నుంచి కరుగుదలే కరుగుదలను పెంచుతుంది.

2007 నుంచి 2012 దాకా వేసవుల్లో ఈ పరిస్థితి పదే పదే వచ్చింది. 2013లో ఎన్‌ఏఓ పాజిటివ్ వైపు తిరిగింది. అంతే తేడా.

ఒంగోలు_వాతావరణం

మాస్టారు చెప్పినదానికి ఒక్క చేర్పు. 2012లో ఎండ ఒక్కటే కాదు, మేఘాలూ పనిచేశాయి. ఆ జులైలో సమ్మిట్ మీద పల్చటి, తక్కువ ఎత్తు మేఘాలు కమ్మాయి. వాటిలో ఉన్నవి నీటి బిందువులు, మంచు రేణువులు కావు. ఎండను ఆపేంత మందం లేదు, కింది నుంచి పోయే వేడిని మాత్రం పట్టి ఉంచాయి. ఇంకాస్త మందంగా ఉన్నా, ఇంకాస్త పల్చగా ఉన్నా అంత ఎత్తున మంచు కరిగేది కాదని తరవాత లెక్కలు వేశారు. అంటే గాలి తెచ్చే వేడితో పాటు అది తెచ్చే తేమ కూడా చూడాలి.

2021 ఆగస్టు 14న ఇదే సమ్మిట్ దగ్గర వాన పడింది. స్టేషన్ పెట్టాక అక్కడ వాన చూడడం అదే మొదలు. 3,200 మీటర్ల ఎత్తున, మంచు తప్ప ఏమీ కురవని చోట, గంటల తరబడి వాన. ఆ వార్త చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొత్తపట్నం_ఒడ్డు

మాస్టారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఒక మాట. గాలి అటు ఊగితే కరుగుతుంది, ఇటు ఊగితే ఆగుతుంది అంటున్నారు. అలాంటప్పుడు ఇది ప్రకృతి సహజమే కదా? పొగ గొట్టాలు, బొగ్గు, కార్లు అని జనాన్ని ఎందుకు భయపెట్టడం? గాలుల ఊగిసలాట మా తాతల నాటి నుంచీ ఉన్నదే.

కావలి_ఫిజిక్స్

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. దీన్ని దాటవేస్తే మిగతా చర్చకు విలువ లేదు.

గాలి ఊగిసలాట ఒక్కటే కారణమైతే లెక్క చివరికి సమానం కావాలి. కొన్నేళ్లు పోవాలి, కొన్నేళ్లు తిరిగి రావాలి. అలా జరగడం లేదు. 2017, 2018 గ్రీన్‌లాండ్‌కు చాలా అనుకూలమైన ఏళ్లు. వేసవులు చల్లగా ఉన్నాయి, మంచు బాగా కురిసింది. అయినా నికరంగా ఫలకం పెరగలేదు. 1990ల చివరి నుంచి ఏటా పోతూనే ఉంది. ఆ వెంటనే 2019లో బ్లాకింగ్ తిరిగొచ్చింది. జులై చివర్లో యూరప్‌ను మాడ్చిన వేడిగాలి అటు నుంచి గ్రీన్‌లాండ్ మీదికి జరిగింది. ఆ ఒక్క ఏడాదిలో పోయిన మంచు 53,200 కోట్ల టన్నులు. మన సోమశిల జలాశయం పూర్తి నిల్వ 78 టీఎంసీలు. అలాంటివి 240 నింపేంత నీరు.

1992 నుంచి 2020 దాకా మొత్తం చూస్తే గ్రీన్‌లాండ్ పోగొట్టుకున్నది సుమారు 4.89 లక్షల కోట్ల టన్నులు. ఏ సంవత్సరం ఎంత పోవాలో గాలి తేలుస్తోంది. అసలు మంచి ఏడాదిలో కూడా ఎందుకు తిరిగి రావడం లేదో చెప్పాలంటే మాత్రం భూమి వేడెక్కడం గురించి మాట్లాడాల్సిందే. ఒకే రకం బ్లాకింగ్ 1950లో వచ్చినదానికీ ఇప్పుడు వచ్చినదానికీ తేడా ఉంది. ఇప్పుడు అది లాక్కొచ్చే గాలే ముందు కంటే వెచ్చనిది.

మీ మాటలో నిజం ఉన్న భాగం కూడా చెప్తాను. 1979 నుంచి 2012 దాకా గ్రీన్‌లాండ్, ఈశాన్య కెనడా వేడెక్కినదానిలో సగం దాకా పసిఫిక్ మహాసముద్రపు ఉష్ణ మండలంలో వచ్చిన మార్పుల వల్ల, అవి కదిపిన గాలుల వల్ల అయి ఉండొచ్చని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ భాగంలో ఎక్కువ సహజమైన ఊగిసలాటే కావచ్చు. దాన్ని శాస్త్రవేత్తలు దాచలేదు, ప్రచురించారు.

తుమ్మలపెంట_తీరం

మాస్టారూ, ఉత్తర ధ్రువం వేడెక్కుతోంది కాబట్టే జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి, బలహీనపడి వంకర్లు పోతోందని, దాని వల్లే బ్లాకింగ్ పెరిగిందని చాలాచోట్ల చదివాను. అది ఖాయమైన విషయమేనా?

ఒంగోలు_వాతావరణం

నేను చెప్తాను. ఖాయం కాదు. 1979 తరవాత ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది, అది కొలిచిన సంగతి. ధ్రువానికీ భూమధ్యరేఖకూ మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గితే జెట్ స్ట్రీమ్ నెమ్మదించాలి అనేది ఒక వాదన. వినడానికి చక్కగా ఉంటుంది. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, కాదనేవాళ్లూ అంతే గట్టిగా ఉన్నారు.

నన్ను ఎక్కువ ఆందోళన పెట్టేది ఇంకోటి. గ్రీన్‌లాండ్ మీద వేసవి బ్లాకింగ్ 1990ల తరవాత పెరిగిందని కొలతలు చెప్తున్నాయి. వాతావరణ మోడళ్లను నడిపిస్తే ఆ పెరుగుదల వాటిలో కనిపించదు. 2018లో దీని మీద గట్టి పేపర్లు వచ్చాయి. రెండే అవకాశాలు. ఆ పెరుగుదల తాత్కాలికమైన ఊగిసలాట అయి ఉండాలి, లేదా మోడళ్లు ఏదో ముఖ్యమైనది పట్టుకోలేకపోతూ ఉండాలి. రెండోదే నిజమైతే, ఈ శతాబ్దం చివరికి గ్రీన్‌లాండ్ నుంచి ఎంత నీరు వస్తుందని వాటితో వేసిన అంచనాలు తక్కువ చూపిస్తున్నట్టే. అంచనాల పట్టికలు చూసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రొయ్యల_చెరువు

అన్నలకీ అక్కకీ నమస్కారం. నేను ఇందుకూరుపేట వైపు చెరువులు చేస్తాను. అంతా గ్రీన్‌లాండ్ గురించే చెప్తున్నారు. అసలు పెద్ద మంచు దక్షిణ ధ్రువంలో కదా ఉండేది? అక్కడ వేసవిలో కూడా సున్నా దాటదు అంటారు. మరి అక్కడ ఎలా కరుగుతోంది? అక్కడ కూడా గాలేనా?

ఒంగోలు_వాతావరణం

అక్కడ ఇంకా ఎక్కువగా గాలే తమ్ముడూ, కానీ పని చేసే తీరు వేరు. గ్రీన్‌లాండ్ మొత్తం కరిగితే సముద్రం 7 మీటర్లకు పైగా లేస్తుంది, అంటార్కిటికాలో ఉన్నది 58 మీటర్ల దాకా లేపగలిగే మంచు. అది చాలావరకు పైనుంచి కరగదు, కింది నుంచి కరుగుతుంది.

అంటార్కిటికా చుట్టూ పడమటి గాలులు ఒక వలయంలా తిరుగుతుంటాయి. ఈ వలయం ఒక్కోసారి బిగుసుకుని ధ్రువం వైపు జరుగుతుంది, ఒక్కోసారి వదులై ఉత్తరానికి వస్తుంది. దీన్ని సదరన్ యాన్యులర్ మోడ్ అంటారు. కొన్ని దశాబ్దాలుగా, ముఖ్యంగా అక్కడి వేసవుల్లో, వలయం బిగుసుకుంటూ ధ్రువం వైపు జరిగింది. దానికి ఓజోన్ రంధ్రం ఒక కారణం, గ్రీన్‌హౌస్ వాయువులు మరో కారణం. ఇక్కడ మనిషి చెయ్యి గురించి అంత సందేహం లేదు.

ఇప్పుడు పడమటి అంటార్కిటికాలో అముండ్సెన్ సముద్రం సంగతి. అక్కడ పైనీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. కొన్ని వందల మీటర్ల లోతున మాత్రం సున్నా కంటే ఒక డిగ్రీ దాకా ఎక్కువ వెచ్చదనం ఉన్న ఉప్పు నీరు ఉంటుంది. ఒక డిగ్రీ అంటే మనకు లెక్కే కాదు. మంచుకు అది చాలు. తీరం అంచున గాలులు పడమటి నుంచి బలంగా వీచినప్పుడు ఆ లోతు నీరు ఖండపు అంచు దాటి లోపలికి వస్తుంది, థ్వెయిట్స్, పైన్ ఐలాండ్ హిమానీనదాల అడుక్కి చేరుతుంది. థ్వెయిట్స్ వెడల్పు 120 కిలోమీటర్లు. దానిలో ఉన్న మంచు ఒక్కటే సముద్రాన్ని 65 సెంటీమీటర్లు లేపగలదు.

పైన్ ఐలాండ్ హిమానీనదం సముద్రం అడుగున తాను ఆనుకుని ఉన్న పాత గట్టు నుంచి విడిపోవడం 1940లలోనే మొదలైందని దాని కింది మట్టిపొరలు చూసి 2016లో చెప్పారు. 1939 నుంచి 1942 దాకా నడిచిన పెద్ద ఎల్ నినో దాన్ని కదిలించి ఉండొచ్చని అంచనా. ఎల్ నినో అయిపోయింది, గాలులు మళ్లీ మారాయి. హిమానీనదం మాత్రం వెనక్కి రాలేదు. కొత్తపట్నం అన్న అన్నట్టు గాలి ఊగిసలాట సహజమే అనుకున్నా, ఒకసారి పట్టు తప్పిన మంచు ఆ ఊగిసలాటతో పాటు తిరిగి రాదు.

కొత్తపట్నం_ఒడ్డు

ఇది నేను ఎక్కడా వినలేదు అక్కా. ఎల్ నినో అంటే మనకు వానలు తగ్గించేది అనే తెలుసు. అది అంటార్కిటికా దాకా ఎలా పోతుంది?

ఒంగోలు_వాతావరణం

పసిఫిక్ మధ్యలో నీరు వేడెక్కితే దాని మీద మేఘాలు, వానలు జరుగుతాయి. అంత పెద్ద ఎత్తున గాలి పైకి లేస్తే ఆ కదలిక అలలుగా పై వాతావరణంలో ధ్రువాల వైపు ప్రయాణిస్తుంది. రాస్‌బీ తరంగాలు అంటారు. అవి అముండ్సెన్ సముద్రం మీద ఎప్పుడూ ఉండే అల్పపీడనాన్ని బలహీనపరుస్తాయి, పక్కకి జరుపుతాయి. దాంతో అక్కడి గాలుల దిక్కు మారుతుంది. ఎల్ నినో ఏళ్లలో ఆ తీరపు ఐస్ షెల్ఫుల మీద మంచు ఎక్కువ కురుస్తుంది, కింద మాత్రం కరుగుదల పెరుగుతుంది. ఐస్ షెల్ఫ్ అంటే నేల మీది మంచు జారి వచ్చి సముద్రం మీద తేలుతున్న మందపాటి పలక. ఎత్తు కొలిస్తే పెరిగినట్టు ఉంటుంది, బరువు లెక్క వేస్తే తగ్గి ఉంటుంది. పైన పడింది తేలికైన మంచు, కింద పోయింది గట్టి ఐసు.

2015 నవంబరు మన దగ్గర ఎవరూ మర్చిపోలేదు. ఎల్ నినో నైరుతి వానను తగ్గిస్తుంది కానీ, మన దక్షిణ కోస్తాలో ఈశాన్య రుతుపవనాన్ని తరచూ బలపరుస్తుంది. అప్పుడు నెల్లూరు జిల్లా అంతా నీళ్లలో ఉంది. అదే ఎల్ నినో సాగుతుండగా 2016 జనవరిలో రాస్ ఐస్ షెల్ఫ్, దాని చుట్టుపక్కల ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన మేర పైమంచు కరిగింది. కొన్ని చోట్ల రెండు వారాల దాకా కొనసాగింది. రెండింటికీ మూలం ఒకే సముద్రం.

కావలి_ఫిజిక్స్

దీనికి సంబంధించి మన దేశపు చరిత్ర ఒకటి చెప్పాలి. దీనికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని నా బాధ. 1899 నాటి వర్షాభావం, కరవు తరవాత రుతుపవనాన్ని ముందే చెప్పగలమా అని ప్రభుత్వానికి ఆరాటం పట్టుకుంది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చాడు. మన వాన దేనితో ముడిపడి ఉందో కనిపెట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచి పీడనం, ఉష్ణోగ్రత, వాన లెక్కలు తెప్పించి, కంప్యూటర్లు లేని రోజుల్లో గుమస్తాల చేత చేత్తో లెక్కలు కట్టించాడు. ఆ అంకెల్లోంచి తేలినవే ఎల్ నినోకి జతగా ఉండే సదరన్ ఆసిలేషన్, ఈ చర్చ మొదట్లో నేను రాసిన నార్త్ అట్లాంటిక్ ఆసిలేషన్. ఆ పేర్లు 1920లలో ఆయన పెట్టినవే. గ్రీన్‌లాండ్ మంచు ఏ ఏడాది ఎంత కరుగుతుందో చెప్పడానికి ఇవాళ వాడుతున్న కొలమానం మన రైతు వాన కోసం మొదలైన లెక్కల్లో పుట్టింది.

తుమ్మలపెంట_తీరం

మాస్టారూ, ఇది మా పాఠాల్లో ఎక్కడా లేదు! ఎల్ నినో పాఠం ఉంది, వాకర్ సర్క్యులేషన్ ఉంది. ఆ వాకర్ ఇక్కడ పనిచేశాడన్న సంగతి మాత్రం లేదు.

నెల్లూరు_ఉపగ్రహం

ఆలస్యంగా వచ్చాను. లార్సెన్-బి గురించి ఎవరూ రాయలేదు. 2002 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అంటార్కిటిక్ ద్వీపకల్పం తూర్పు వైపున సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల ఐస్ షెల్ఫ్ కొద్ది వారాల్లో ముక్కలైపోయింది. అక్కడ కారణం పైనుంచి కరిగిన నీరు. పగుళ్లలోకి దిగి వాటిని చీల్చేసింది.

ఆ వేడి ఎలా వచ్చిందో మన జిల్లాలవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి వెలికొండలు దిగి ఎలా వస్తుందో తెలుసుగా. సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా సాయంత్రం కూడా నిప్పులు చెరుగుతుంది. గాలి కిందికి దిగేటప్పుడు నొక్కుకుపోయి ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. ద్వీపకల్పంలో కూడా పడమటి గాలి కొండల మీదుగా ఎక్కి, తేమంతా అటువైపే మంచుగా వదిలేసి, తూర్పున లార్సెన్ మీదికి పొడిగా, వేడిగా దిగుతుంది. దీన్ని ఫోన్ (foehn) గాలి అంటారు. ఇందాక అక్క చెప్పిన వలయం బిగుసుకునే కొద్దీ ఈ గాలి బలపడుతుంది.

ఐస్ షెల్ఫ్ ఎలాగూ నీటిలో తేలుతున్నదే కాబట్టి అది పోతే సముద్రం పెద్దగా పెరగదు. కానీ వెనక ఉన్న హిమానీనదాలకు అదే అడ్డు. లార్సెన్-బి పోయాక దాని వెనకవి కొన్ని రెట్ల వేగంతో సముద్రంలోకి జారాయి.

రొయ్యల_చెరువు

ఇంత దూరంలో ఉన్న మంచు ఎన్ని టన్నులు పోయిందో ఎలా తూస్తారన్నా? నమ్మొచ్చా ఆ లెక్కల్ని?

నెల్లూరు_ఉపగ్రహం

నమ్మొచ్చు, ఎందుకంటే మూడు వేర్వేరు పద్ధతులు దగ్గర దగ్గర సమాధానం ఇస్తున్నాయి. 2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి 220 కిలోమీటర్ల దూరంలో తిరిగాయి. కింద బరువు ఎక్కువున్న చోట భూమి ఆకర్షణ పెరిగి ముందుది కాస్త ముందుకు లాగబడుతుంది. ఆ సూక్ష్మమైన తేడాను కొలిచి మంచు బరువు కట్టారు. 2018 నుంచి వాటి తరవాతి జంట పనిచేస్తోంది. రెండో పద్ధతి మంచు ఎత్తు కొలవడం, మూడోది మంచు కదిలే వేగం చూసి ఎంత బయటికి పోతోందో లెక్క కట్టడం.

ఇందులో మన శ్రీహరికోట పాత్ర చిన్నది కాదు. 2013 ఫిబ్రవరి 25న పీఎస్‌ఎల్‌వీ-సి20 మీద వెళ్లిన సరళ్ ఉపగ్రహం సముద్రం ఎత్తుతో పాటు మంచు ఫలకాల ఎత్తునూ కొలిచింది. 2025 జులై 30న వెళ్లిన నైసార్ రాడార్ 12 రోజులకోసారి అదే చోటికి తిరిగొచ్చి మంచు ఎంత జరిగిందో చూస్తుంది. ఆ సాయంత్రం రాకెట్ లేచినప్పుడు మా మేడ మీద నుంచి చూశాం. అది థ్వెయిట్స్ కదలికను కూడా కొలవడానికి వెళ్తోందని పిల్లలకు చెప్పాను.

కొత్తపట్నం_ఒడ్డు

2022లో అంటార్కిటికాలో 40 డిగ్రీలు పెరిగిందని ఒక వార్త వచ్చింది. అది నిజమేనా, కల్పితమా?

ఒంగోలు_వాతావరణం

నిజమే అన్నా. 2022 మార్చి 18న తూర్పు అంటార్కిటికా నడిబొడ్డున కాంకోర్డియా స్టేషన్‌లో మైనస్ 11.5 డిగ్రీలు నమోదైంది. ఆ రోజుల్లో అక్కడ ఉండాల్సినదాని కంటే సుమారు 40 డిగ్రీలు ఎక్కువ. ఆస్ట్రేలియా దిక్కు నుంచి తేమ నిండిన గాలి సన్నటి, పొడవాటి పాయలా వచ్చింది, ఒక బ్లాకింగ్ అధిక పీడనం దాన్ని ఖండం లోపలికి తోసింది. అదే రోజుల్లో తీరాన కాంగర్ ఐస్ షెల్ఫ్ కూలిపోయింది.

ఇందులో మరో కోణం ఉంది. ఆ తేమ పాయ లోపల విపరీతంగా మంచు కురిపించింది. ఆ ఏడాది అంటార్కిటికా మొత్తం బరువు నికరంగా పెరిగింది కూడా. ఒకే గాలి తీరాన అడ్డు కూల్చింది, లోపల మంచు నింపింది. అందుకే "అంటార్కిటికాలో మంచు పెరిగిందట" అనే వార్త వచ్చినా, "కూలిపోయిందట" అనే వార్త వచ్చినా ఏ వైపు, ఏ కాలంలో అని అడిగి తీరాలి.

రొయ్యల_చెరువు

ఇప్పుడు నా సొంత విషయం. ఉప్పుటేరు పక్కన కొంత నేల 20 ఏళ్ల లీజుకు ఇస్తామంటున్నారు. మా వైపు బోర్లు ఉప్పెక్కుతున్నాయి. ఇదంతా ధ్రువాల మంచు వల్లేనా? 20 ఏళ్లలో నీళ్లు ఎంత లేస్తాయి? టెన్షన్‌గా ఉంది, సూటిగా చెప్పండి.

కావలి_ఫిజిక్స్

బోర్ల సంగతి ముందు. అది చాలావరకు ఇక్కడిదే. మంచినీళ్లు అతిగా తోడటం, చెరువుల ఉప్పునీరు నేలలోకి దిగడం. దాన్ని ధ్రువాల మీద వేస్తే ఇక్కడ సరిచేసుకోగలిగినది కూడా వదిలేస్తాం.

సముద్రం సంగతి. 2006 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు ఏటా 3.7 మిల్లీమీటర్లు, ఆ తరవాత వేగం ఇంకా పెరిగింది. ఇప్పటి వేగమే సాగినా 20 ఏళ్లకు 8, 9 సెంటీమీటర్లు. మంచు కరిగిన నీరు సముద్రమంతా సమానంగా పరుచుకోదు. అంత పెద్ద మంచు ఫలకం తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. అది తగ్గిన కొద్దీ ఆ నీరు దూరంగా జరుగుతుంది. గ్రీన్‌లాండ్ కరిగితే దాని తీరాన సముద్రం తగ్గుతుంది, మనలాంటి ఉష్ణ మండలంలో సగటు కంటే కాస్త ఎక్కువ లేస్తుంది. అంటార్కిటికా కరిగినా మన పరిస్థితి అంతే.

8, 9 సెంటీమీటర్లు మామూలు రోజున మీ గట్టును దాటవు. వాయుగుండం తీరం దాటే రాత్రి, పోటు మీద ఉప్పెన లేచినప్పుడు, ఆ మేర ఎత్తు మీద నుంచి మొదలవుతుంది. ఏరు పక్క నేల చదునుగా ఉంటుంది కాబట్టి కొద్ది ఎత్తుకే నీరు చాలా లోపలికి పోతుంది. పైగా ఈ లెక్కలో అనిశ్చితి ఎక్కువ వైపే ఉంది. బ్లాకింగ్ వేసవులు వరసగా వచ్చినా, అముండ్సెన్ వైపు గాలులు ఇలాగే సాగినా అంకె పెరుగుతుంది, తగ్గే దారులు మాత్రం నాకు పెద్దగా కనిపించడం లేదు.

ఒంగోలు_వాతావరణం

గ్రీన్‌లాండ్ మీద రోజూ ఎంత మంచు చేరింది, ఎంత పోయింది అనే గ్రాఫ్ డెన్మార్క్ వాతావరణ సంస్థ ఉచితంగా పెడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా అది చూడండి, పక్కనే ఎన్‌ఏఓ గ్రాఫ్ పెట్టుకోండి. తుమ్మలపెంట తమ్ముడికి ప్రాజెక్టుకు కూడా పనికొస్తుంది.

తుమ్మలపెంట_తీరం

అదే చేస్తాను అక్కా. 2007 నుంచి వేసవి ఎన్‌ఏఓ, గ్రీన్‌లాండ్ కరుగుదల రెండూ దించుకుని పోల్చి చూస్తాను. గ్రాఫ్ ఇక్కడే పెడతాను.

రొయ్యల_చెరువు

మాస్టారూ, చాలా థ్యాంక్స్. 20 ఏళ్లకు రాయను. ఏడేళ్లకు అడుగుతాను, గట్టు ఎత్తు పెంచే ఖర్చు లీజు సొమ్ములో తగ్గించమని అడుగుతాను. ఒప్పుకోకపోతే లోపలి వైపు నేల చూసుకుంటాను.